ముంపు చూసిన బజారులో అంతస్తుల భవనం: నెల్లూరులో పాత స్థలం ఉన్నవారికి

2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. ఆ నీరూ, ఎగువ పెన్న నీరూ సోమశిలకు చేరడంతో జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలవలసి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది, నెల్లూరులో వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ వంటి పెన్న ఒడ్డు ప్రాంతాలు నీట మునిగాయి. ఆ తర్వాత పాత ఇల్లో, పాత దుకాణమో పడగొట్టి కొత్తది కట్టాలని నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది అడిగిన మొదటి మాట ఒకటే: "ఇందులో ఎన్ని అంతస్తులు వస్తాయి సార్?" భవనాల లెక్కలు వేసే ఇంజనీరుగా నేను చెప్పే సమాధానం కూడా ఎప్పుడూ ఒకటే. అది చివర అడగవలసిన ప్రశ్న. నీరు ఎంత ఎత్తుకు వచ్చింది, కింద మట్టి ఏమిటి, పక్కవారి గోడ ఎలా ఉంది, ముందున్న వీధి ఎంత వెడల్పు అన్న నాలుగు సంగతులూ తేలిన తర్వాత అంతస్తుల సంఖ్య దానంతట అదే తేలుతుంది. ముందుగా సంఖ్య అనుకుని, దానికి తగినట్టు మిగతావాటిని సర్దుకోబోయిన చోటే డబ్బూ, ఒక్కోసారి ప్రాణాలూ పోతాయి.

ఈ వ్యాసం ట్రంకు రోడ్డు, పెద్దబజారు, స్టోన్‌హౌస్‌పేట, సంతపేట, రంగనాయకులపేట వంటి పాత భాగాలలో స్థలం ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని వ్రాసినది. ఒంగోలు వారికీ చాలా భాగం వర్తిస్తుంది. నేల తేడా ఉన్నచోట ఆ మాట విడిగా చెప్పాను.

నీటి గుర్తును ముందు పట్టుకోండి

వరద నీరు తీసిన తర్వాత గోడ మీద బురద చార ఒకటి మిగులుతుంది. సున్నం వేయించే తొందరలో మనవాళ్లు మొదట చెరిపేసేది దానినే. చెరపకండి. ఆ చార పై అంచు దగ్గర ఒక మేకు కొట్టి, పక్కన తేదీ వ్రాసి, కొలబద్ద ఆనించి ఫొటో తీసుకోండి. గోడనే పడగొట్టబోతున్నారు కాబట్టి ఆ ఎత్తును పడగొట్టని మరో చోటికి మార్చుకోవాలి. బేల్దారి మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు చాలు: ఒక కొన మేకు దగ్గర, రెండో కొన వీధి మలుపులోని కల్వర్టు గోడ దగ్గరో, గుడి అరుగు దగ్గరో పెట్టి, నీరు నిలిచిన చోట ఉలితో గాటు పెట్టించండి. తర్వాత సర్వేయరు వచ్చినప్పుడు ఆ గాటు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో లెక్క తీసి నక్షా మీద వ్రాయించుకోండి. మీ ఇంట్లో చార పోయి ఉంటే చుట్టుపక్కల నాలుగైదు ఇళ్లలో అడిగి సరిపోల్చుకోవాలి. ఒకరి జ్ఞాపకం మీద మాత్రం ఆధారపడకూడదు. ఎందుకంటే భయపడ్డ మనిషికి నీరు ఉన్నదానికంటే ఎత్తుగానే గుర్తుంటుంది.

నెల్లూరులో రెండు రకాల నీళ్లు ఉన్నాయన్న సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. ఒకటి పెన్న పొంగి వచ్చేది. రెండోది ఆకాశం నుంచి పడి, జాఫర్‌సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ, వాటిలో కలిసే చిన్న కాలువలు పూడుకుపోవడం వల్ల వీధిలోనే నిలిచిపోయేది. 2015 నవంబరు వానలలో జిల్లా అనుభవించిన కష్టంలో ఈ రెండోదాని వాటా తక్కువేమీ కాదు. నదికి దూరంగా ఉన్నాం కదా అని ధైర్యంగా ఉన్న పేటలు ఈ రెండో రకం నీటిలోనే మునుగుతాయి. కాబట్టి మీ స్థలానికి రెండు గుర్తులూ కావాలి.

చుట్టూ ఉన్న నేల కంటే ఇంటి నేలమట్టం కనీసం 450 మిల్లీమీటర్లు ఎత్తున ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. అది మామూలు చోట్లకు చెప్పిన కనీసం. ముంపు చూసిన స్థలంలో మీ గుర్తే కొలమానం. అయితే స్థలం మొత్తాన్ని మట్టితో నింపి ఎత్తు పెంచడం నాకు సమ్మతం కాదు. మీరు పారదోలిన నీరు పక్కింటి గడపలోకి పోతుంది. వచ్చే ఏడు ఆయన ఇంకో అడుగు ఎక్కువ నింపుతాడు, చివరికి వీధి మొత్తం కాలువగా మారుతుంది. కింది భాగాన్ని ఖాళీగా స్తంభాల మీద వదిలి నీటిని పోనివ్వడం మంచిది. దానివల్ల వచ్చే ఇంకో ప్రమాదం గురించి తర్వాత చెబుతాను.

పాత మిద్దెను పడగొట్టే ముందు

పాత బజారులో ఉన్నవి చాలావరకు గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, టేకు దూలాల మీద ఇటుక పరిచిన మిద్దెలు. నాలుగు రోజులు నీటిలో నానినంత మాత్రాన అవి పనికిరావనుకోవడం పొరపాటు. గోడ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. ఆరకముందే పైన సిమెంటు పూత వేస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడ ఇంకా చెడుతుంది. నిజంగా ప్రమాదం ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా అద్దం ముక్కను, అగ్గిపెట్టె పొడవున ఉంటే చాలు, రెండు కొసల దగ్గర సిమెంటుతో అతికించి దాని మీద తేదీ వ్రాయండి. అద్దం రెండు మూడు నెలలు అలాగే ఉంటే పగులు పాతది, కదలడం లేదు. అద్దం చిట్లితే పగులు ఇంకా కదులుతోందని, పునాది దిగుతూ ఉండవచ్చునని అర్థం. దూలాల కొసలు గోడలోకి వెళ్లే చోట మేకుతో గుచ్చి చూడాలి. మేకు సులువుగా దిగిందంటే కొస పుచ్చిపోయింది.

పడగొట్టాలనే తేలితే, మీ గోడ నిజంగా మీ ఒక్కరిదేనా అని చూసుకోండి. పెద్దబజారు, ఆచారి వీధి వంటి చోట్ల ఉమ్మడి గోడలు చాలా ఉన్నాయి. దస్తావేజులో "ఉత్తరం ఉమ్మడి గోడ" అని ఒక్క మాట ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. కొన్నేళ్ల క్రితం నేను లెక్కలు వేసిన ఒక స్థలంలో కాంట్రాక్టరు నాకు చెప్పకుండా ఆదివారం నాడు యంత్రం తెచ్చి, చేతితో విడదీయవలసిన ఉమ్మడి గోడను లాగించాడు. పక్కింటి దూలం కొస ఆ గోడలోనే ఉంది. మిద్దె జానెడు కిందికి వంగింది. లోపల ఎవరూ పడుకుని లేకపోవడం వల్లే ఆ రోజు మనిషి దక్కాడు. అప్పటి నుంచి, పక్కవారి ఇంటి లోపలి గోడలనూ, పైకప్పునూ వారి సమక్షంలో ఫొటోలు తీసి, ఉన్న పగుళ్లన్నీ కాగితం మీద వ్రాసి ఇరువైపులా సంతకాలు పెట్టించి, ఆ దూలాల కింద ఆసరా కర్రలు పెట్టించిన తర్వాత గాని నేను కూల్చడం మొదలుపెట్టనివ్వను. కూల్చడం పైనుంచి కిందికి, కట్టిన క్రమానికి విరుద్ధ క్రమంలో జరగాలి. ఉమ్మడి గోడకు మూడు అడుగుల దూరం వరకు చేతిపనే.

మట్టి చెప్పేది వినండి

పాత స్థలంలో మట్టి పరీక్షకు ముందు ఇంట్లో పెద్దవారిని ఒక ప్రశ్న అడగండి: బావి ఎక్కడ ఉండేది? కుళాయిలు వచ్చిన తర్వాత చాలా ఇళ్లలో బావిని ఇటుక ముక్కలతో, చెత్తతో పూడ్చి పైన బండలు పరిచారు. కొత్త భవనం స్తంభం సరిగ్గా దాని మీదికి వస్తే ఆ ఒక్క స్తంభమే దిగి భవనం మొత్తం మెలితిరుగుతుంది. చిన్న స్థలానికి మధ్యలో ఒక బోరు చాలని ప్రమాణాలు అనుమతించినా, పాత బజారులో నేను కనీసం మూడు అడుగుతాను, అందులో ఒకటి బావి ఉందని చెప్పిన వైపు.

బోరు వేసే రోజు మీరు అక్కడ ఉండండి. పద్ధతి అర్థం కానిదేమీ కాదు. 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడుస్తూ గొట్టాన్ని మట్టిలోకి దించుతారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. ఆ సంఖ్యనే నివేదికలో ఎన్ విలువ అంటారు. దెబ్బలు తక్కువ పడితే నేల వదులు. పెన్న ఒడ్డు ఇసుకలో ఈ లెక్కకు ప్రత్యేకమైన విలువ ఉంది. నీటితో నిండిన వదులు ఇసుక భూకంపంలో ఊగినప్పుడు కొన్ని క్షణాలపాటు ద్రవంలాగా ప్రవర్తిస్తుంది, దాని మీద ఉన్నవి కూరుకుపోతాయి. అందుకే 2016 నాటి భూకంప ప్రమాణం, దేశాన్ని భూకంప ముప్పును బట్టి విభజించిన మండలాలలో మూడోదానిలోనూ ఆపైనా, 5 మీటర్ల లోతు వరకు ఎన్ విలువ కనీసం 15, 10 మీటర్లు దాటితే 25 ఉండాలని కోరుతుంది. నెల్లూరు ఆ ప్రమాణంలో మూడో మండలంలోనే ఉంది. మనకు భూకంపాలు ఎక్కడివి అనేవారికి 1967 మార్చి 27న ఒంగోలులో వచ్చిన 5.4 తీవ్రత భూకంపాన్ని గుర్తుచేస్తాను. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు ప్రాంతాల్లో వరుసగా కంపించినప్పుడు జనం వీధుల్లోకి వచ్చిన సంగతి ప్రకాశం వారు ఇంకా మరచిపోలేదు.

నివేదికను గుడ్డిగా నమ్మవద్దు. ఒకసారి నా చేతికి వచ్చిన నివేదికలో "6 మీటర్ల వరకు భూగర్భజలం తగలలేదు" అని ఉంది. స్థలానికి వెళ్లి పక్కింటి బావిలోకి తొంగిచూస్తే పది అడుగుల లోతులో నీళ్లు మెరుస్తున్నాయి, చేద తాడు ఇంకా తడిగా ఉంది. ఆ పరీక్షా సంస్థ వారు ఆ స్థలంలో బోరే వేయలేదని తర్వాత తెలిసింది. వేరే స్థలం నివేదికలో పేరు మార్చి ఇచ్చారు. మట్టి నమూనాలు ఉన్న సంచులనూ, బోరు వేస్తున్నప్పటి ఫొటోలనూ చూపించమని అడగడం మీ హక్కు.

ప్రకాశం వైపు నల్లరేగడి ఉన్నచోట సమస్య వేరు. వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చే నేల, వానకు ఉబ్బి పునాదిని పైకి నెడుతుంది. ఏడాదికోసారి ఇలా కదిలే పై పొరను దాటి, కదలని లోతు వరకు దించిన పైల్ పునాదులు (భూమిలోకి దించే కాంక్రీటు స్తంభాలు), అడుగున గంట ఆకారంలో వెడల్పు చేసినవి, ఇలాంటి చోట పనికివస్తాయి. నెల్లూరు ఇసుకకు సరిపోయిన డిజైను తెచ్చి అక్కడ పెట్టడం, అక్కడిది తెచ్చి ఇక్కడ పెట్టడం రెండూ తప్పే.

సెల్లార్ గురించి గట్టిగా ఆలోచించండి

ముందుగా మాట తికమక తీర్చుకోవాలి. మన మేస్త్రీలు బేస్‌మెంట్ అంటే నేల మీద నుంచి ఇంటి మట్టం దాకా లేపే ఎత్తు. ప్లానులో బేస్‌మెంట్ అంటే నేల కింద ఉండే గది, అంటే సెల్లార్. కాంట్రాక్టరుతో ఒప్పందం వ్రాసుకునేటప్పుడు ఈ రెండూ కలిసిపోయి గొడవలు వచ్చాయి, కాబట్టి సెల్లార్ అనే వ్రాయండి.

కార్లు పెట్టుకోవడానికి సెల్లార్ తవ్వాలన్న ఆశ అందరికీ ఉంటుంది. ముంపు గుర్తు కంటే కింద ఉన్న స్థలంలో నేను వద్దనే చెబుతాను. కారణం లెక్కలోనే ఉంది. సెల్లార్ అడుగు కంటే భూమిలో నీరు 3 మీటర్లు ఎత్తున నిలిస్తే, ఆ నీరు అడుగు స్లాబును ప్రతి చదరపు మీటరుకు 3 టన్నుల బలంతో పైకి నెడుతుంది. 300 మిల్లీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు స్లాబు బరువు చదరపు మీటరుకు ముప్పాతిక టన్ను మాత్రమే. పైన అయిదారు అంతస్తులు లేచిన తర్వాత ఆ బరువు పెట్టెను అదిమిపెడుతుంది. ప్రమాదమంతా సెల్లార్ పూర్తయి పైన ఏమీ లేని ఆ మధ్యకాలంలోనే. అప్పుడు వాన వచ్చి, కరెంటు పోయి, నీటిని తోడే మోటార్లు ఆగితే, కాంక్రీటు పెట్టె పడవలాగా లేచి పక్కకు ఒరుగుతుంది. గుంత ఇంకా ఎక్కువ లోతైతే ఇంకో ముప్పు ఉంది: మోటార్లు నీటితో పాటు సన్న ఇసుకను కూడా లాగేసి పక్కింటి పునాది కిందే బోలు చేస్తాయి. తోడి పోసే నీరు మట్టిరంగులో వస్తోందంటే ఆ క్షణమే ఆపించాలి.

తప్పనిసరిగా సెల్లార్ కావాలంటే కాలం చూసి దిగాలి. మన జిల్లాకు వానలలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. అందుచేత సంక్రాంతి దాటాక గుంత తవ్వి, వినాయక చవితికి స్తంభాలు నేలమట్టం దాటి కనీసం ఒక స్లాబు పడేలా ఒప్పందంలోనే తేదీలు వ్రాయించాలి. దసరాకు పునాది తీస్తామని ఎవరైనా చెబితే, ముహూర్తం ఎంత మంచిదైనా నాలుగు నెలలు ఆగండి.

వీధి వెడల్పు, పొరుగువారి స్థలం

మన దగ్గర స్థలాన్ని అంకణాలలో చెప్పుకుంటాం. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. పాత బజారులో ఒక్కొక్కరికి ఉన్నది పదో, ఇరవయ్యో అంకణాలు. 20 అంకణాలు అంటే 160 గజాలు. అందులో చుట్టూ వదలవలసిన ఖాళీ, మెట్లు, లిఫ్టు తీసేస్తే మిగిలేది తక్కువ. ఎత్తు పెరిగేకొద్దీ వదలవలసిన ఖాళీ పెరుగుతుంది. రాష్ట్రంలో 2017 భవన నిబంధనలు వచ్చినప్పటి లెక్క ప్రకారం 18 మీటర్లు, జాతీయ నియమావళి ప్రకారం 15 మీటర్లు దాటినవి ఎత్తైన భవనాలు. జాతీయ నియమావళి అలాంటి భవనం ముందు వీధి 12 మీటర్లకు, అంటే దాదాపు 40 అడుగులకు తగ్గకూడదంటుంది. భవనం చుట్టూ అగ్నిమాపక వాహనం తిరగడానికి 6 మీటర్ల ఖాళీ కావాలంటుంది. కాపువీధిలో నిలబడి చేతులు చాచి చూస్తే ఇక చెప్పవలసింది ఏమీ ఉండదు. రాష్ట్ర నిబంధనలకు తరచుగా సవరణలు వస్తాయి, కాబట్టి కార్పొరేషన్ పట్టణ ప్రణాళికా విభాగంలో తాజా జీవో కాపీ తీసుకుని, మీ లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుడి చేత మీ స్థలం కొలతలకు అన్వయింపజేసుకోండి.

నలుగురైదుగురు పొరుగువారు కలిస్తే లెక్క మారుతుంది. విపత్తు తర్వాత ఊరి నడిబొడ్డును తిరిగి కట్టిన చోట్ల ఇదే జరిగింది. 2001 జనవరి 26 భూకంపం తర్వాత గుజరాత్‌లోని భుజ్ పాత కోట ప్రాంతంలో పట్టణ ప్రణాళికా పథకాలు వేసి, యజమానుల నుంచి స్థలంలో కొంత వాటా తీసుకుని వీధులు వెడల్పు చేశారు. చిన్న స్థలం ఉన్నవారి దగ్గర తక్కువ, పెద్ద స్థలం ఉన్నవారి దగ్గర ఎక్కువ. చాలామంది తమ ఇల్లు మళ్లీ అదే పేటలో కట్టుకోగలిగారు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరం 2011 ఫిబ్రవరి 22 భూకంపం తర్వాత మరుసటి ఏడాది నగర కేంద్రానికి కొత్త ప్రణాళిక ప్రకటించినప్పుడు, మునుపటి ఎత్తైన భవనాల స్థానంలో తక్కువ ఎత్తు, దగ్గరదగ్గర భవనాలనే ఎంచుకుంది. మన పరిస్థితి అచ్చంగా అలాంటిది కాదు. వరద మనను పైకి పొమ్మంటుంది, గాలీ భూమీ కిందికి ఉండమంటాయి. వెడల్పు చేసిన వీధిలో నాలుగైదు అంతస్తులు, కింద నీటికి దారి: నెల్లూరు పాత బజారుకు ఇదే తగినదని నా అభిప్రాయం. పది అంతస్తులు కట్టదలచినవారికి ఊరి బయట స్థలాలున్నాయి.

కలిపి బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చేటట్టయితే ఒప్పందం రిజిస్టరు చేయించండి. తెల్లకాగితం మీద వాటాలు వ్రాసుకోవద్దు. అందరి లింకు డాక్యుమెంట్లు, ఈసీలు (స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ పత్రాలు) ఒకేసారి తీయించాలి, ఎందుకంటే ఒక్కరి స్థలంలో చిక్కు ఉంటే అయిదుగురి పనీ ఆగుతుంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, అంటే సుమారు 75 అంకణాలు, లేక ఫ్లాట్లు ఎనిమిదికి మించినా, రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో, నమోదు చేయకుండా అమ్మకం ప్రకటన కూడా ఇవ్వకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ భవనానికే విడి ఖాతాలో ఉంచాలి, అప్పగించిన తర్వాత అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే ప్రమోటరు, అంటే కట్టి అమ్మేవాడు, తన ఖర్చుతో సరిచేయాలి. అమ్మకంలో వాటా ఉన్న స్థలయజమాని కూడా ప్రమోటరుగానే బాధ్యుడు కావచ్చునన్నది చాలామంది గమనించని సంగతి. కింది దుకాణాల్లో ఇరవై ఏళ్లుగా అద్దెకు ఉన్నవారికి తాత్కాలికంగా ఎక్కడ చోటు, తిరిగి వచ్చినప్పుడు ఏ షట్టరు అన్నది కూడా ఆ ఒప్పందంలోనే ఉండాలి. బజారు అంటే వారే.

స్తంభం దగ్గర నిలబడి చూడవలసినవి

ఇంతవరకు చెప్పినవన్నీ కాగితం మీద తేలేవి. ఇక్కడి నుంచి చెప్పేవాటికి మీరు చెప్పులు తొడుక్కుని సెంట్రింగు ఎక్కాలి.

స్తంభంలో నిలువు కమ్ములను కట్టి ఉంచే రింగులను చూడండి. రింగు కొస కమ్మి చుట్టూ తిరిగి స్తంభం లోపలి కాంక్రీటు వైపుకు 135 డిగ్రీలు వంగి ఉండాలి. చాలా చోట్ల 90 డిగ్రీల దగ్గరే వంచి వదిలేస్తారు, ఎందుకంటే అది త్వరగా అవుతుంది. భూకంపంలో పై పెచ్చు ఊడగానే 90 డిగ్రీల రింగు విచ్చుకుంటుంది, నిలువు కమ్ములు గడ్డిపరకల్లా బయటికి వంగుతాయి. వంపు తర్వాత మిగిలే కొస కనీసం 65 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే దాదాపు మీ బొటనవేలి పొడవు. స్తంభానికి కిందా పైనా, బీము కలిసే చోట, రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు దాటకూడదు. మీ అరచేతి వెడల్పును ఒకసారి కొలుచుకుని వెళితే టేపు అక్కరలేదు. నిలువు కమ్ముల అతుకులు స్లాబు మీదనే కాకుండా స్తంభం ఎత్తులో మధ్య భాగంలో రావాలి. మేస్త్రీ "ఎప్పుడూ ఇలాగే కడతాం సార్" అంటే గౌరవంగానే, కాంక్రీటు పోసేముందు, డ్రాయింగు చూపించండి.

పైన వాయిదా వేసిన ప్రమాదం ఇప్పుడు చెప్పాలి. నీటి కోసం కింది అంతస్తును ఖాళీగా వదిలినప్పుడు, పైన ఇటుక గోడలతో బిగిసిన అంతస్తులు, కింద ఒట్టి స్తంభాలు మిగులుతాయి. ఊపంతా ఆ కింది స్తంభాలలోనే చేరుతుంది. 2001లో భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటి లోపం ఇదే. ఖాళీ వదలడం తప్పు కాదు, దానికి తగిన బలం ఇవ్వకపోవడం తప్పు. లిఫ్టు చుట్టూ, మెట్ల పక్కన, రెండు దిక్కులలోనూ పునాది నుంచి పైదాకా కాంక్రీటు గోడలు వేయించాలి. వాటి పొడవు వరద నీరు వచ్చే దిశకు అడ్డంగా కాకుండా వీలైనంతవరకు నీరు పారే దారి వెంబడే ఉంటే నీరూ పోతుంది, బలమూ దక్కుతుంది. ఎత్తు ఒక్కటే ప్రమాదం కాదనడానికి క్రైస్ట్‌చర్చ్‌లోని సీటీవీ భవనాన్ని గుర్తుంచుకోండి. ఆరే అంతస్తులు. కూలి 115 మంది చనిపోయారు. విచారణలో బయటపడినవి డిజైను లోపాలు.

కాంక్రీటులో పోసే నీటిని పరీక్ష చేయించండి. కమ్ములు ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. నాలుకకు ఉప్పదనం తెలిసే బోరు నీటితో స్లాబు పోస్తే పదేళ్లలో కమ్మి తుప్పు పట్టి ఉబ్బి, పెచ్చులు రాలతాయి. పునాదిలో కమ్మికీ మట్టికీ మధ్య 50 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. దానికోసం అచ్చుపోసిన కవర్ బ్లాకులే వాడాలి, కంకర రాళ్లు సరిపోవు.

గాలి సంగతి. మన తీరప్రాంతానికి ప్రమాణం చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నిర్మాణాలు నిలబడినా ముందున్న అద్దాల గోడలు ముక్కలై వీధిలో పడ్డాయి. బజారులో, జనం నడిచే చోట, ముందువైపంతా అద్దం పెట్టాలన్న కోరికను వదులుకోండి. పెట్టినంతవరకు గట్టిపరచిన అద్దమే, గాలి లెక్కతోనే. పైన పెట్టే ప్రకటన బోర్డులకూ, నీళ్ల ట్యాంకులకూ ఇదే లెక్క.

మిగిలిన పనులు

మీటర్ల బోర్డు, జనరేటరు, లిఫ్టు నడిపే పరికరాలు ముంపు గుర్తు కంటే పైనే ఉండాలి. వరద హెచ్చరిక రాగానే లిఫ్టును రెండో అంతస్తులో ఆపి కరెంటు తీసేసే బాధ్యత ఎవరిదో ముందే వ్రాసి గోడకు అతికించండి. సంపు మూత నీరు చొరబడనిదై ఉండాలి. నిర్మాణం జరుగుతున్నంత కాలం కాంట్రాక్టరు పేరున వరదనూ తుపానునూ కలిపిన బీమా ఉందో లేదో పాలసీ తెప్పించుకుని చదవండి.

భవనం పూర్తయిన తర్వాత నివాసయోగ్యతా ధ్రువపత్రం తీసుకున్నాకనే దుకాణాలు తెరవండి. ఆ రోజున కట్టినది కట్టినట్టు గీసిన డ్రాయింగులు, మట్టి నివేదిక, కాంక్రీటు దిమ్మెల పరీక్షా ఫలితాలు ఒక పెట్టెలో పెట్టి పై అంతస్తులో భద్రపరచండి. ముప్పై ఏళ్ల తర్వాత ఇంకో అంతస్తు వేయాలనో, పగులు ఎందుకు వచ్చిందనో చూడబోయే ఇంజనీరుకు అవే ఆధారం. కల్వర్టు గోడ మీద మీరు పెట్టించిన గాటు ఎత్తును మళ్లీ లెవెల్ పైపుతో తెచ్చి, కింది స్తంభం మీద ఒక గీత గీయించి, పక్కన "2021 నవంబరు" అని పెయింటుతో వ్రాయించండి. అక్కడ షట్టరు అద్దెకు తీసుకునేవారు సరుకును ఏ అర దాకా పెట్టుకోవచ్చో ఆ గీత చూసుకుని నిర్ణయించుకుంటారు.